అమ్మమ్మగారి పెరటి దొంతర మల్లె కొమ్మలకు ఇంట్లో వేళ్ళు రప్పించడం ఎలా?

పడమటి బాల్కనీ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. తెనాలి దగ్గరి ఒక పల్లెలో మా అమ్మమ్మగారి ఇంటి పెరట్లో, బావి చప్టా పక్కన, ఒక దొంతర మల్లె పొద ఉంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అది అక్కడే ఉంది. వేసవి సెలవుల్లో సాయంత్రం ఐదింటికి మొగ్గలు కోసి, తడిగుడ్డలో చుట్టి, రాత్రి భోజనాలయ్యాక అందరం చుట్టూ కూర్చుని మాల కట్టుకోవడం మా ఇంటి అలవాటు. అమ్మమ్మ పోయి రెండేళ్ళయింది. ఇల్లు అమ్మడానికి మా మామయ్యలు నిశ్చయించారు. దసరా తర్వాత అప్పగించాలి. కొన్నవారు పాత ఇంటిని తీసివేసి కొత్తది కట్టుకుంటారు కనుక ఆ పొద మిగలదు.

అది మా హైదరాబాదు ఫ్లాటులో బతకాలని నా కోరిక. ఇప్పటికి రెండుసార్లు ప్రయత్నించి రెండుసార్లూ విఫలమయ్యాను. మొదటిసారి శ్రీరామనవమికి వెళ్ళినప్పుడు పది కొమ్మలు తెచ్చి, ఎర్రమట్టిలో వర్మీ కంపోస్టు బాగా కలిపి, తొట్టిలో గుచ్చి, పడమటి బాల్కనీలో పెట్టాను. పన్నెండు రోజులకు ఆరింటికి చిగుళ్ళు వచ్చాయి. బతికాయని ఇంట్లో అందరికీ చూపించాను. మూడో వారంలో ఆ చిగుళ్ళు వాలిపోయి నల్లబడ్డాయి. పీకి చూస్తే ఒక్కదానికీ వేరు లేదు. రెండోసారి మే నెలలో నాలుగు కొమ్మలను గాజుసీసా నీళ్ళలో ఉంచాను. వారానికి అడుగుభాగం మెత్తబడి వాసన వచ్చింది.

వేరు లేకుండా చిగురు ఎలా వస్తుందో నాకు అర్థం కావడం లేదు. ఇసుక మేలా, నీరు మేలా, కొమ్మకు వేళ్ళు రావడానికి రాసే, దుకాణాల్లో అమ్మే వేళ్ళ పొడి తప్పనిసరా అన్నది కూడా చెప్పండి. అక్కడి నుంచి బస్సులో తెచ్చేటప్పటికి ఏడెనిమిది గంటలు పడుతుంది. అదే పెరట్లో ముద్ద మందార, కరివేపాకు కూడా ఉన్నాయి. వాటినీ ఇలాగే తెచ్చుకోవచ్చా? ఇప్పుడు మృగశిర కార్తె నడుస్తోంది. దసరా లోపల నేను మూడుసార్లు ఊరు వెళ్ళగలను.

కడియం తోటమాలి

అమ్మా, మాది కడియం ప్రాంతం. మా నాన్నగారి కాలం నుంచీ మొక్కల పెంపకమే మా వృత్తి. మీరు చేసిన పొరపాట్లు కొత్తవారందరూ చేసేవే. వాటికంటే ముందు ఒక మాట చెప్పాలి, ఎందుకంటే మీ దగ్గర ఉన్న సమయాన్ని బట్టి అదే ముఖ్యం.

తల్లి మొక్క ఇంకా నేలలో ఉండగా కత్తిరించిన కొమ్మల మీదనే ఆధారపడకండి. మల్లెకు నేల అంటు తొక్కడం అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి, ఎందుకంటే కొమ్మ తల్లి నుంచి నీరు తాగుతూనే వేళ్ళు పోసుకుంటుంది కనుక ఎండిపోయే భయం ఉండదు. అయితే దానికి రెండు నుంచి మూడు నెలలు పడుతుంది. మీకు దసరా దాకా అంత వ్యవధి ఉన్నది కాబట్టి ఈ వారమో వచ్చే వారమో ఊరు వెళ్ళి ముందు ఆ పని చేసి రండి.

పొద అడుగున నేలకు వంగే కొమ్మలను, నిరుటివి, నాలుగైదు ఎంచుకోండి. కొన నుంచి సుమారు ఒక అడుగు వదిలి, ఒక కణుపుకు కొంచెం కింద, పదునైన చాకుతో ఏటవాలుగా పైకి, కొమ్మ మందంలో సగం దాకా ఒక అంగుళం పొడవున కోయండి. కోసిన నాలుక మళ్ళీ అతుక్కోకుండా మధ్యలో చిన్న పుల్ల దూర్చండి. ఆ భాగాన్ని మట్టి, ఇసుక కలిపి నింపిన తొట్టిలో మూడు నాలుగు అంగుళాల లోతున పూడ్చి, లేవకుండా పైన రాయి పెట్టి, కొనను మాత్రం నిటారుగా బయటకు ఉంచి కర్రకు కట్టండి. నేలలోనే తొక్కవచ్చు గాని, మీరు తర్వాత బస్సులో తేవాలి కదా, తొట్టిలోనే తొక్కితే వేళ్ళు కదలకుండా తెచ్చుకోవచ్చు. ఆ మట్టి ఆరిపోకుండా రెండు రోజులకొకసారి నీరు పోసే మనిషి అక్కడ ఉండాలి. ఇది కుదరకపోతే అంటు నిలవదు. పక్కింటివారిని ఎవరినైనా అడిగి పెట్టుకోండి.

ఇక కటింగుల సంగతి. మీ మొదటి ప్రయత్నంలో మూడు విషయాలు కలిసి దెబ్బ తీశాయి. ఏప్రిల్ ఎండ ఒకటి, పడమటి బాల్కనీ రెండు, వర్మీ కంపోస్టు మూడు. వేరు లేని కొమ్మకు ఎరువు తినే నోరు లేదు. కోసిన అంచు పచ్చిపుండు వంటిది, ఎరువు ఉన్న తేమమట్టిలో అది త్వరగా కుళ్ళుతుంది. అందుకే మేము కటింగులు పెట్టే మిశ్రమంలో ఎరువు వేయము. రెండు పాళ్ళు గరుకు ఏటి ఇసుక, ఒక పాలు కొబ్బరి పొట్టు చాలు. కొబ్బరి పొట్టును రెండు మూడు నీళ్ళలో నానబెట్టి పిండి వాడాలి, లేకపోతే దానిలోని ఉప్పు వేళ్ళకు పడదు. సముద్రపు ఇసుక అసలే వద్దు. తడి ఎంత ఉండాలంటే, మిశ్రమాన్ని పిడికిట్లో గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రాలాలి, ధార కట్టకూడదు.

కొమ్మను ఎంచుకోవడంలోనే సగం పని ఉన్నది. మరీ లేతది వాడిపోతుంది, బాగా ముదిరినది నెలల తరబడి కదలదు. ఆకుపచ్చ రంగు పోయి గోధుమ రంగు తిరుగుతున్న, వంచితే కొంచెం వంగి ఆ తర్వాత పుటుక్కున విరిగే కొమ్మ సరైనది. పూత లేని కొమ్మ దొరికితే మంచిది, మొగ్గలుంటే తుంచివేయండి. ఆరు నుంచి ఎనిమిది అంగుళాల పొడవున, మూడు నాలుగు కణుపులు ఉండేలా కోయండి. అడుగు కోత కణుపుకు సరిగ్గా కింద, ఏటవాలుగా ఉండాలి. పై కోత కణుపుకు కొంచెం పైన, అడ్డంగా ఉండాలి. ఇలా రెండు కోతలూ వేరుగా ఉంటే ఏది పైనో ఏది కిందో మరచిపోరు, ఎందుకంటే మల్లె ఆకులు తీసేశాక తలకిందులుగా గుచ్చేవారిని నేను చాలామందిని చూశాను. కింది ఆకులు తీసివేసి, పైన రెండు ఆకులు ఉంచి, వాటిని కూడా సగానికి కత్తిరించండి. మిశ్రమంలో ముందు పుల్లతో రంధ్రం చేసి ఆ తర్వాతే కొమ్మను దించి, చుట్టూ చేతివేళ్ళతో అదమండి. రెండు కణుపులు లోపల ఉండాలి.

కాలం విషయానికి వస్తే పునర్వసు, పుష్యమి కార్తెలు, అంటే జూలై నెల, గాలిలో తేమ నిలిచి ఎండ తగ్గే సమయం. మీ రెండో ప్రయాణం అప్పుడు పెట్టుకోండి. 20కి తగ్గకుండా కొమ్మలు తెండి. మా చేతుల్లోనే అన్నీ రావు.

మిద్దె మీది తోట

బస్సు ప్రయాణం గురించి నేను చెప్పగలను, ఎందుకంటే నేను ప్రతి ఏడాదీ మా అత్తగారి ఊరి నుంచి హైదరాబాదుకు కొమ్మలు తెస్తుంటాను. తెల్లవారుజామున, ఆకులో నీరు నిండుగా ఉన్నప్పుడు కోయండి. మధ్యాహ్నం కోసిన కొమ్మ అప్పటికే దాహంతో ఉంటుంది. వాటి అడుగులన్నీ ఒకే వైపు ఉండేలా కట్ట కట్టి, అడుగు వైపు ఎర్ర దారం చుట్టి, తడిపి పిండిన నూలు గుడ్డలో గాని అరటి దొప్పలో గాని చుట్టండి. అరటి దొప్ప నా అనుభవంలో గుడ్డకంటే మేలు, చల్లగానూ ఉంటుంది, నీరు కారదు. దాన్ని పాలిథిన్ సంచిలో పెట్టి, మూతి వదులుగా ఉంచి, కాళ్ళ దగ్గర నీడలో పెట్టుకోండి. నీళ్ళ సీసాలో ముంచి తేవద్దు. ఇంటికి చేరగానే అడుగున అర అంగుళం కొత్తగా కోసి ఆ రాత్రే గుచ్చండి, ఉదయానికి వాయిదా వేయకండి.

వేళ్ళ పొడి దొరకకపోతే మా అత్తగారు కలబంద గుజ్జు రాస్తారు, కొందరు తేనె రాస్తారు. మందార అలా చాలాసార్లు వచ్చింది. మల్లెకు నేను ప్రయత్నించలేదు.

వృక్షశాస్త్ర అధ్యాపకురాలు

వేరు లేకుండా చిగురు ఎలా వచ్చిందన్న మీ ప్రశ్నకు సమాధానం చెప్పాలనిపించింది, ఎందుకంటే అది అర్థమైతే మిగిలిన జాగ్రత్తలన్నీ ఎందుకో తెలుస్తాయి.

కణుపు దగ్గర ఉండే మొగ్గ మీరు కొమ్మను కోయకముందే తయారై ఉన్నది. కొమ్మలో నిల్వ ఉన్న పిండిపదార్థం, నీరు దానికి కొన్నాళ్ళకు సరిపోతాయి కనుక వెచ్చగా ఉంటే అది విచ్చుకుంటుంది. వేరు అలా కాదు. కాండంలో వేరు ముందుగా ఉండదు, దాన్ని కొత్తగా నిర్మించుకోవాలి. బెరడుకూ కలపకూ మధ్యనున్న పలుచని పొర దగ్గర కొన్ని కణాలు తమ పాత పని మానుకుని, మళ్ళీ విభజన మొదలుపెట్టి, వేరు మొనగా కూడుకుని, బెరడును చీల్చుకుని బయటకు రావాలి. ఇలా వేరు కాని భాగం నుంచి పుట్టే వేళ్ళను మన పాఠ్యపుస్తకాల్లో అబ్బురపు వేళ్ళు అంటారు. పిల్లలకు పాఠం చెప్పిన ప్రతిసారీ ఆ పేరు నాకు ఎంతో తగినదిగా తోస్తుంది. మల్లెలో దీనికి సాధారణంగా ఐదారు వారాలు పడుతుంది. ఈలోగా చిగుళ్ళు ఎక్కువైతే అవి నీటిని గాలిలోకి వదిలివేస్తాయి, కింద నుంచి పీల్చి ఇచ్చేది ఏదీ లేదు. నిల్వ అయిపోయిన రోజున మూడో వారపు చిగురు వాలిపోతుంది. మీకు జరిగినది అదే.

కాబట్టి ఈ ఐదారు వారాలూ కొమ్మ నుంచి నీరు పోకుండా చూడడం, అడుగు కుళ్ళకుండా చూడడం, ఇవి రెండే మీ పనులు. తొట్టి మీద నాలుగు పుల్లలు గుచ్చి పారదర్శకమైన పాలిథిన్ సంచి కప్పండి. లోపల గాలి తేమతో నిండి ఉంటే ఆకు నీటిని కోల్పోదు. రోజుకొకసారి ఐదు నిమిషాలు తీసి గాలి ఆడనివ్వండి. ఎండ నేరుగా తగిలితే ఆ సంచి లోపల కొమ్మ ఉడికిపోతుంది కనుక పడమటి బాల్కనీ ఎంతమాత్రం పనికిరాదు. వెలుతురు ఉండి ఎండ పడని చోటు, ఉత్తరపు కిటికీ వంటిది, చూడండి. అయితే ఆకులు పూర్తిగా తీసివేయకండి, గది చీకటిగా ఉంచకండి. ఆకు వెలుతురులో చేసే ఆహారం, చిగుళ్ళ నుంచి కిందికి దిగే ఆక్సిన్ అనే హార్మోను, రెండూ వేరు పుట్టడానికి కావాలి. ఆక్సిన్ పై నుంచి కిందికే ప్రయాణించి అడుగున పోగవుతుంది. తోటమాలి గారు కొమ్మను తలకిందులు చేయవద్దన్నది ఇందుకే.

దుకాణాల్లో దొరికే వేళ్ళ పొడిలో సాధారణంగా ఉండేది ఆక్సిన్ వంటిదే అయిన ఇండోల్ బ్యుటిరిక్ ఆమ్లం. వేళ్ళు రప్పించే దీని గుణం 1935లో వెల్లడైంది, నేటికీ నర్సరీలు ఎక్కువగా దానినే నమ్ముకున్నాయి. డబ్బా మీద 0.1, 0.3, 0.8 శాతం వంటి అంకెలుంటాయి. లేత కొమ్మకు మొదటిది, సగం ముదిరిన కొమ్మకు రెండోది, గట్టి కలపకు మూడోది అనుకోవచ్చు. మీ మల్లెకు 0.3 శాతం సరిపోతుంది. అడుగున ఒక అంగుళం తడిపి, పొడిలో అద్ది, ఎక్కువైనదాన్ని తట్టి దులపండి. ఎక్కువ రాస్తే ఎక్కువ వేళ్ళు రావు, పైగా అడుగు మాడిపోతుంది. డబ్బాలో నేరుగా ముంచకుండా కొంచెం కాగితం మీదికి తీసుకుని వాడండి, తడి తగిలితే మిగిలినది పాడవుతుంది. పొడి లేకుండా కూడా మల్లెకు వేళ్ళు వస్తాయి, పొడి ఉంటే త్వరగానూ ఎక్కువ కొమ్మలకూ వస్తాయి.

మిద్దె మీది తోట గారి అత్తగారి అనుభవాన్ని నేను కాదనను. నాటు మందార ఏమీ రాయకపోయినా వేళ్ళు పోసుకునే మొక్క. తేనెకు కొన్ని సూక్ష్మజీవులను అణచే గుణమే ఉన్నది గాని అది వేళ్ళు పుట్టించే హార్మోను కాదు. కుళ్ళు భయం ఉంటే లీటరు నీటికి ఒక గ్రాము కార్బెండజిమ్ అనే బూజు మందు కలిపి కొమ్మల అడుగులను పది నిమిషాలు ముంచి, ఆరబెట్టి, ఆ తర్వాత పొడి అద్దండి. చేతి తొడుగులు వేసుకోండి.

నీటి సీసాలో మల్లె కుళ్ళడానికి కారణం అందులో ప్రాణవాయువు తక్కువగా ఉండడం. మనీ ప్లాంటు, పుదీనా, వామాకు, తులసి వంటివి నీటిలో హాయిగా వేళ్ళు వేస్తాయి, ఎందుకంటే వాటికి వారం పది రోజుల్లోనే వేళ్ళు వచ్చేస్తాయి. ఐదారు వారాలు పట్టే కొమ్మ అంతకాలం నిలవనీటిలో తట్టుకోదు. పైగా నీటిలో పుట్టిన వేళ్ళు పెళుసుగా ఉండి మట్టిలోకి మార్చినప్పుడు చాలాసార్లు దెబ్బతింటాయి.

పడమటి బాల్కనీ

ఇంత ఓపికగా రాసినందుకు మీ ముగ్గురికీ కృతజ్ఞతలు. శనివారమే ఊరు వెళ్ళి అంట్లు తొక్కి వస్తాను, ఎదురింటి పిన్నిగారు నీరు పోస్తానన్నారు. ఇంకొక సందేహం. కొమ్మలు గుచ్చిన తర్వాత వేరు వచ్చిందీ లేనిదీ పీకకుండా తెలుసుకోవడం ఎలా? నిజం చెప్పాలంటే మొదటిసారి నేను నాలుగు రోజులకొకసారి పీకి చూసి మళ్ళీ గుచ్చాను. మందార, కరివేపాకు సంగతి కూడా చెప్పండి.

కడియం తోటమాలి

పీకి చూడడం మానండి అమ్మా. అప్పుడే బయటకు వచ్చిన వేరు నూలుపోగులా ఉంటుంది, ఇసుక రాపిడికి తెగుతుంది. నెల దాకా చేయి పెట్టకండి. నలభై రోజులకు కొమ్మను రెండు వేళ్ళతో పట్టి పైకి మెల్లగా లాగి చూడండి. లోపల ఎవరో పట్టుకున్నట్టు బిగువు తగిలితే వేరు వచ్చినట్టే. తొట్టి బదులు పారదర్శకమైన ప్లాస్టిక్ గ్లాసులకు అడుగున రంధ్రాలు చేసి వాడితే, వేళ్ళు గోడకు ఆని కనిపిస్తాయి. వెలుతురు పడకుండా చుట్టూ కాగితం చుట్టి ఉంచి, చూడాలనుకున్నప్పుడు తీయండి.

ముద్ద మందార నాటు రకమైతే ఇదే పద్ధతిలో, మల్లెకంటే సులువుగా వస్తుంది. పెద్ద పూల సంకర రకాలు కొన్ని నాటు మందార మీద అంటుకట్టినవి. మీ అమ్మమ్మగారి కాలం నాటిది కనుక నాటుదే అయి ఉంటుంది. కరివేపాకు మాత్రం కొమ్మతో అంత సులువుగా రాదు, ప్రయత్నించి కాలం వృథా చేసుకోకండి. దాని చుట్టూ వేరు నుంచి లేచిన పిలకలు ఉంటాయి. ఒక పిలకను వేరుముక్కతో సహా వానాకాలంలో తవ్వి తెచ్చుకోండి. లేదా నల్లగా పండిన పండ్లు కోసి, గుజ్జు తీసి, గింజలను వెంటనే నాటండి. ఎండబెట్టి దాచిన కరివేపాకు గింజ మొలవదు.

పడమటి బాల్కనీ

దసరా ముగిసింది, నిన్ననే ఇల్లు అప్పగించి వచ్చాము. జూలై రెండో వారంలో 24 మల్లె కొమ్మలు తెచ్చి, మీరు చెప్పినట్టే ఇసుకలో గుచ్చి, వంటింటి ఉత్తరపు కిటికీ దగ్గర సంచి కప్పి ఉంచాను. ఆరు మొదటి పక్షంలోనే అడుగు నల్లబడి పోయాయి. వాటిని చూసినవి చూసినట్టే తీసివేశాను. ఆగస్టు చివరికి 13 కొమ్మలకు బిగువు తగిలింది. మిగిలిన ఐదు ఇప్పటికీ పచ్చగానే ఉన్నాయి గాని వేరు లేదు, అవి అలాగే ఉంచాను. మందార నాలుగింటికి నాలుగూ వచ్చాయి. ఊళ్ళో తొక్కిన నాలుగు అంట్లలో మూడింటికి వేళ్ళు దట్టంగా వచ్చాయి. తల్లి కొమ్మ నుంచి కోసి, తొట్లతో సహా నిన్న తెచ్చాను. ఒకటి మాత్రం ఎదురింటి పిన్నిగారికి ఇచ్చాను, ఆ ఊళ్ళో కూడా ఆ మల్లె ఉండాలని. కరివేపాకు పిలక ఒకటి ఆకులు రాల్చి మళ్ళీ ఇగిరించింది.

వేళ్ళు వచ్చిన 13 మొక్కలనూ సంచి తీసి నేరుగా ఎండలో పెట్టవచ్చా? డిసెంబరులో మల్లెను కత్తిరించాలని అందరూ అంటారు, వీటికీ కత్తిరించాలా?

కడియం తోటమాలి

చాలా సంతోషం అమ్మా. 24లో 13 అంటే మొదటి ఏడాదికి మంచి లెక్క. సంచి ఒక్కసారిగా తీయకండి. రోజుకు ఒక గంట, మరునాడు రెండు గంటలు, అలా వారం పది రోజుల్లో పూర్తిగా తీయండి. లోపలి తేమకు అలవాటైన ఆకు బయటి గాలికి వెంటనే తట్టుకోలేదు. ఆ తర్వాత ఒక్కొక్కదాన్నీ ఆరంగుళాల తొట్టిలోకి మార్చండి. ఎర్రమట్టి, ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు సమానంగా కలపండి. ఎరువు పెట్టవలసినది ఇప్పుడు. మార్చిన వారం నీడలో ఉంచి, తర్వాత ఉదయపు ఎండ రెండు గంటలతో మొదలుపెట్టండి. మల్లెకు చివరికి ఐదారు గంటల ఎండ కావాలి కనుక, మీ పడమటి బాల్కనీ వచ్చే ఏడాది నుంచి పనికివస్తుంది.

ఈ డిసెంబరులో పిల్ల మొక్కలను కత్తిరించకండి, కొనలు మాత్రం గిల్లండి, పక్క కొమ్మలు వస్తాయి. అంటు తొక్కిన రెండూ పెద్దవి కాబట్టి వేసవిలో మొగ్గ వేయవచ్చు, వాటిని ఉంచుకోండి. 13 మొక్కల్లో మాత్రం తొలి ఏడాది వచ్చే మొగ్గలు తుంచివేసి, వానలు మొదలయ్యాక పన్నెండు అంగుళాల తొట్లలోకి మార్చండి. పచ్చగా ఉన్న ఆ ఐదింటినీ పారవేయకండి, చలి ముదరకముందే వాటిలో ఒకటి రెండైనా వేరు వేస్తాయి.